పురుగుల్ని పట్టే మొక్క

మొక్కను మేక తింటుంది. చీడపురుగు తింటుంది. మరి పురుగునే తినే మొక్కను చూశారా?

మేఘాలయ రాష్ట్రంలో గారో కొండలున్నాయి. అక్కడ బాగ్మారా అనే ఊరుంది. ఆ ఊరి దగ్గర కూజా మొక్కల కోసం ప్రభుత్వం కొంత అడవిని కాపాడుతోంది. అది 7 ఎకరాల లోపే. పదండి, చూసొద్దాం.

అదిగో మొక్క! ఆకు చివర సన్నని తీగ ఉంది. తీగ కొసన చిన్న కూజా వేలాడుతోంది. దానికి మూత కూడా ఉంది. ఇది పువ్వు కాదు, కాయ కాదు. ఆకులో భాగమే. గారో వాళ్ళు దీన్ని 'మెమాంగ్ కోక్సి' అంటారు. అంటే దయ్యం బుట్ట. భయపడకండి, ఇది మనుషుల్ని ఏమీ చేయదు.

పురుగును ఎలా పడుతుంది?

కూజా అంచున తియ్యని రసం ఊరుతుంది. దానికోసం చీమలు, ఈగలు వస్తాయి. అంచు నున్నగా ఉంటుంది. కాలు జారి లోపల పడతాయి. పైకి ఎక్కలేవు. అడుగున ఉన్న రసంలో మునిగి చస్తాయి. ఆ రసమే వాటిని అరిగిస్తుంది.

పురుగు పడగానే మూత మూసుకుంటుందని కొందరంటారు. అది నిజం కాదు. మూత వానకు గొడుగులాంటిది.

ఎందుకు పడుతుంది?

మనం చేనుకు పేడ ఎరువు, యూరియా వేస్తాం కదా. వాటిలో నత్రజని ఉంటుంది. కూజా మొక్క పెరిగే నేలలో అది తక్కువ. అందుకే మొక్క దాన్ని పురుగుల నుంచి తీసుకుంటుంది. అంటే పురుగు దానికి అన్నం కాదు, ఎరువు! అన్నం మాత్రం అన్ని మొక్కల్లాగే ఎండలో ఆకులతో వండుకుంటుంది.

ఎందుకు కాపాడాలి?

తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేరు కదా. ఇందులోనూ ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. రెండూ దగ్గర్లో ఉంటేనే గింజ పడుతుంది. ఒకటి పీకేస్తే రెండోది గొడ్డుపోయినట్టే.

మన దేశంలో ఉన్న కూజా మొక్క జాతి ఇదొక్కటే. అమ్ముకోవడానికి పీకడం వల్ల, బొగ్గు గనుల వల్ల ఇది తగ్గిపోయింది. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991లో దాన్ని సవరించి కొన్ని మొక్కలకూ రక్షణ ఇచ్చారు. వాటిలో ఇదొకటి. అనుమతి లేకుండా అడవిలో దీన్ని పీకినా, అమ్మినా నేరం.

మాట్లాడుకుందాం

1. పురుగు ఈ మొక్కకు అన్నమా, ఎరువా? ఎందుకు?
2. "ఒక్క మొక్కే కదా పీకాను" అని ఒకరన్నారు. మీరైతే ఏం చెబుతారు?
3. మీ ఊళ్ళో ఒకప్పుడు ఉండి, ఇప్పుడు కనబడని మొక్క ఏది? దాని పేరు పలకమీద రాయండి.