శరత్కాల పుష్పార్చన: సంకల్పం ఆషాఢంలోనే

ఆరు ఋతువులలో దేవతారాధనకు శరత్తు మిక్కిలి అనువైనదిగా పెద్దలు భావించారు. శరన్నవరాత్రులు, దీపావళి, కార్తిక సోమవారాలు, క్షీరాబ్ది ద్వాదశి అన్నీ ఆశ్వయుజ కార్తిక మాసాలలోనే వరుసగా వస్తాయి. తెలంగాణలో భాద్రపద అమావాస్య నాడు మొదలయ్యే బతుకమ్మ, పూలనే దేవతగా పేర్చి కొలిచే పండుగ. తిరుమలలో స్వామివారికి పుష్పయాగం జరిగేది కార్తికంలో శ్రవణా నక్షత్రం నాడు. పూలకు ఇంతటి అవసరం సంవత్సరంలో మరెప్పుడూ కలగదు.

అయితే గృహస్థుల పెరళ్లలో సరిగ్గా ఆ సమయానికే పూత తగ్గుతుంది. మల్లె వేసవితో ముగుస్తుంది. జాజులు వానలతోపాటు వెనుకబడతాయి. భాద్రపదం గడిచేసరికి పచ్చదనమే తప్ప పూలు అంతగా కనిపించవు. అప్పుడు కొందరు బజారును ఆశ్రయిస్తారు. మరికొందరు తెల్లవారకముందే పొరుగువారి ప్రహరీ మీదుగా కొమ్మలు వంచుతారు. దేవుని కోసమే కదా, దోషమేమిటని నన్ను అడిగినవారూ ఉన్నారు. అర్చనకు వినియోగించే ద్రవ్యం న్యాయార్జితమై ఉండాలి. అడగకుండా కోసిన పూవు పరద్రవ్యం. స్వామి పాదాల మీద ఉంచినంత మాత్రాన అది మనది కాదు. కనుక శరత్తులో కూడా మన పెరటి పూలతోనే పూజ సాగే మార్గాన్ని ఇక్కడ వివరిస్తాను.

పూర్ణిమా గణన

ఈ ఋతువుకు ప్రధానమైన పూవు బంతి. విత్తిన నాటినుండి పూవు విప్పడానికి రకాన్ని బట్టి 60 నుండి 90 రోజులు పడుతుంది. కారబంతి త్వరగా, ముద్దబంతి కొంత ఆలస్యంగా పూస్తాయి. నవరాత్రులు దగ్గరపడ్డాక విత్తితే ప్రయోజనం లేదు.

నేను మా పెరటిలో పాటించే లెక్క సులభమైనది. ఆషాఢ పూర్ణిమ, అంటే గురుపూర్ణిమ నుండి ఆశ్వయుజ శుద్ధ పాడ్యమికి దాదాపు 75 రోజులు. శ్రావణ పూర్ణిమ నుండి కార్తిక శుద్ధ పాడ్యమికీ అంతే. భాద్రపద పూర్ణిమ నుండి మార్గశిర శుద్ధ పాడ్యమికీ అంతే. ఈ మూడు పూర్ణిమలకు మూడు విడతలుగా విత్తుకుంటే ఒక విడత పూత సన్నగిల్లే వేళకు మరొకటి అందుకుంటుంది. ముద్దబంతిని మాత్రం ప్రతి విడతలోనూ పదిరోజులు ముందుగా విత్తుకోవడం మంచిది.

అధికమాసం వచ్చిన సంవత్సరంలో జాగ్రత్త అవసరం. 2023లో అధిక శ్రావణం వచ్చినందున గురుపూర్ణిమకు, నవరాత్రులకు మధ్య నూరు రోజులు దాటాయి. విత్తనం పంచాంగం చూడదు, దానికి తెలిసినది రోజుల లెక్కే. అటువంటప్పుడు పండుగ నుండి వెనుకకు 75 రోజులు లెక్కించి విత్తాలి.

నారు 25 నుండి 30 రోజుల వయసులో నాటుకోవాలి. కోస్తాలో ఆశ్వయుజ కార్తికాలు వాయుగుండాల కాలం కనుక మడిని జానెడు ఎత్తు చేసి, మొక్కకు ఊతకర్ర కట్టాలి. నీరు నిలిస్తే బంతి వేరు కుళ్లిపోతుంది. బతుకమ్మ పేర్చే ఇళ్లవారు ఒక వరుస పట్టుకుచ్చు పూలను కూడా వేసుకోవచ్చు. కోస్తాలో వీటినే సీతమ్మవారి జడబంతి అంటారు.

చామంతికి చీకటి

చామంతి స్వభావం వేరు. రాత్రులు దీర్ఘమైనప్పుడే అది మొగ్గ తొడుగుతుంది. సెప్టెంబరు 23 ప్రాంతంలో విషువత్తు గడిచాక పగటికంటే రాత్రి పెరుగుతుంది. చామంతి కార్తికం మొదలు పుష్యం వరకు పూయడానికి కారణం ఇదే. జ్యేష్ఠ ఆషాఢాలలో పిలకలు నాటి, నెల రోజులకు చివురు తుంచితే పక్కకొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయి. ఒక విషయం గుర్తుంచుకోవాలి. రాత్రంతా వీధిదీపం వెలుగు పడే చోట చామంతి సరిగా మొగ్గ వేయదు. చక్కగా ఎరువు వేసినా పూయడం లేదని బాధపడేవారు ముందు కుండీని చీకటి మూలకు మార్చి చూడండి. చామంతితోపాటు డిసెంబరాలను కూడా పెంచుకుంటే ధనుర్మాసం వరకు రంగులకు లోటుండదు.

విదేశీ పూలా?

బాల్యంలో అమరకోశం ద్వితీయకాండలోని వనౌషధివర్గాన్ని కంఠస్థం చేసినవాణ్ణి. ఇప్పుడు మనం పెంచే బంతి అందులో లేదు. కాళిదాసు ఋతుసంహారంలో శరత్తును వర్ణిస్తూ రెల్లు, ఏడాకులపాల, మంకెన, శేఫాలిక వంటివాటిని పేర్కొన్నాడే కాని బంతిని పేర్కొనలేదు. అది మెక్సికో ప్రాంతం నుండి సముద్రాలు దాటి వచ్చిన మొక్క. చామంతి పుట్టిల్లు చైనా. అందువల్ల ఇవి పూజకు పనికిరావా అని కొందరి సందేహం. తరతరాలుగా మన గుమ్మాలకు తోరణమై, అమ్మవారికి దండయై ఒదిగినవాటిని పరాయివిగా భావించనవసరం లేదు. కొన్ని ఆలయాలలో మూలమూర్తికి కొన్ని పూలు వాడని నియమం ఉంటుంది. ఆలయానికి పూలు సమర్పించదలచిన దాతలు ముందుగా అర్చకస్వాములను అడిగి తెలుసుకోవడం ఉచితం. ఇంట్లో కులాచారమే ప్రమాణం.

శేఫాలికను మనం పారిజాతం అంటాము. రాత్రి విప్పి వేకువకు రాలే ఈ పూవు శరత్తుకు అలంకారం. సాధారణంగా నేలరాలిన పూలు అర్చనకు పనికిరావు. పారిజాతానికి మాత్రం ఆచారంలో మినహాయింపు ఉంది. రాత్రి చెట్టు కింద శుభ్రమైన వస్త్రం పరచి, ఉదయం ఏరుకోవాలి. చోటున్నవారు ఈ వానలలోనే ఒక మొక్క నాటండి.

పూత నిలవాలంటే

వాడిన పూలను మొక్క మీద వదిలివేస్తే అది గింజ కట్టడంలో నిమగ్నమై కొత్త మొగ్గలు తగ్గిస్తుంది. రెండు మూడు రోజులకొకసారి వాడినవాటిని తుంచివేయాలి. మందారానికి ఆషాఢంలో కొమ్మల చివరలు కత్తిరిస్తే శరత్తుకు కొత్త చిగుళ్లపై పూస్తుంది. పిండినల్లి పడితే నీటి ధారతో కడిగి, వేపనూనె కలిపిన నీరు చల్లితే చాలు. పూజకు కోసే పూల మీద విషపు మందులు చల్లరాదు. మేడల ఇళ్లలో ఉండేవారు అడుగు లోతు కుండీలలో కారబంతి, చామంతి పెంచవచ్చు. రోజుకు ఐదారు గంటల ఎండ తగిలితే చాలు.

పూజానంతరం నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి నదిలో వేయడం ఏ శాస్త్రమూ చెప్పలేదు. పెరటిలో చిన్న గొయ్యి తీసి, ఎండుటాకులు, మట్టి పొరలుగా కలిపి వేస్తే కొన్ని నెలలకు మంచి ఎరువవుతుంది. ఈ శరత్తులో స్వామికి అర్పించిన పూవు వచ్చే ఆషాఢంలో నారుమడికి చేరుతుంది.

కోతలో ధర్మం

సూర్యాస్తమయం తరువాత పూలు కోయకూడదన్నది పెద్దల నియమం. ఒక మొక్క నుండి అన్ని పూలనూ కోయకండి, తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ కొన్ని విడిచిపెట్టండి. భగవంతునికి ప్రియమైన అష్టపుష్పాలలో పెద్దలు మొదట లెక్కించినది అహింసనే కదా! చివరి పూలలో బాగా విచ్చిన నాలుగైదింటిని మొక్కపైనే ఎండనిచ్చి, గింజలను కాగితపు పొట్లంలో దాచుకోండి. నాటు రకాలైతే తల్లిని పోలిన పూలే వస్తాయి. సంకర విత్తనాలకు ఆ నమ్మకం లేదు.

రామానుజులవారి శిష్యులైన అనంతాళ్వారులు గురువాజ్ఞతో తిరుమల చేరి, తోట వేసి, స్వామికి పుష్పకైంకర్యం చేశారు. ఆయన వాడిన గునపాన్ని నేటికీ ఆలయ మహాద్వారం వద్ద చూడవచ్చు. మాల కట్టడమే కాదు, మన్ను తవ్వడమూ కైంకర్యమేనని ఆ గునపం చెబుతున్నది.

భక్తులు ఈ గురుపూర్ణిమకు ఇంటి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, వారి చేతులతో గుప్పెడు బంతి గింజలు విత్తించండి. రోజూ నీరు పోసే పని కూడా వారికే అప్పగించండి. నవరాత్రులలో తొలిపూవు విచ్చిననాడు దాన్ని అమ్మవారికి ఆ పిల్లలే సమర్పించాలి.

శుభం భూయాత్.