సూదితో బెదిరించకు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మెడికల్ వార్డులో డ్యూటీ పడిందనీ, షుగరు పేషెంట్లతో విసిగిపోతున్నాననీ రాశావు. "ఎంత చెప్పినా వినరు పెద్దమ్మా" అన్నావు. ఆ మాట ఒకసారి నోటికి అలవాటైతే, ఎందుకు వినలేదో అడగడం మానేస్తాం. ఇన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

"మాత్రలు మింగకపోతే ఇన్సులినే గతి" అని బెదిరించడం వార్డుల్లో మామూలే. నువ్వు మాత్రం ఆ మాట అనకు. టైప్ 2 షుగరు బయటపడేనాటికే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల శక్తి దాదాపు సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం అంచనా కట్టింది. పథ్యం చేసేవాళ్లకూ ఏళ్లు గడిచేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. సూది అవసరపడటం వాళ్ల తప్పు కాదు. మనమే దాన్ని శిక్షగా చూపిస్తే, నిజంగా కావలసిన రోజున వద్దని పసరు మందులకు పోతారు.

"షుగరే కదా" అని తేలిగ్గానూ తీసుకోకు. షుగరును గట్టిగా అదుపులో పెడితే కళ్లకు, కిడ్నీలకు వచ్చే చేటు లాంటివి నాలుగో వంతు తగ్గాయని అదే అధ్యయనం 1998లో తేల్చింది. అయితే ఆ అదుపు సాధించేది మనం కాదు, పేషెంటే. వాళ్ల వంటింట్లో, పనిచేసే చోట.

అందుకే ముందు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడుగు. పొద్దున్నే సూది వేసుకుని, తినకుండా కూలికి వెళ్లినామెకు లో షుగర్ వచ్చి కళ్లు తిరుగుతాయి. భయపడి సూది మానేస్తుంది. మనం "మాట వినదు" అనేస్తాం. అన్నం మానెయ్యమనకు. ఎంత తినాలో, పక్కన పప్పు, ఆకుకూర ఎంత ఉండాలో కంచంలో చూపించు. ఫ్రిజ్ లేనివాళ్లకు తడి మట్టికుండలో ఇన్సులిన్ ఎలా దాచుకోవాలో నేర్పు. రోజూ ఒకేచోట పొడిస్తే గడ్డ కడుతుందని చెప్పు. చెప్పులు విప్పించి అరికాళ్లు చూడు. మొద్దుబారిన కాలికి ముల్లు దిగినా తెలియదు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది. సర్జరీ వార్డుకెళ్లినా, ప్రసూతి వార్డుకెళ్లినా వీళ్లు నీకు ఎదురవుతూనే ఉంటారు.

రేపు డ్యూటీలో ఒక్కరి దగ్గర కూర్చో. సలహా చెప్పేముందు, "ఈ షుగరుతో మీకు అన్నిటికన్నా కష్టమైనదేంటమ్మా?" అని అడుగు. మధ్యలో అడ్డుపడకుండా విను. వాళ్లేం చెప్పారో నాకు రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ