టిల్ట్‌రోటర్‌ను చూసే కన్ను రావాలంటే?

హెలికాప్టర్‌లా నిట్టనిలువుగా లేచి, గాలిలోనే రోటర్లను ముందుకు వంచి, విమానంలా దూసుకుపోయేదే టిల్ట్‌రోటర్. విజయవాడ వన్ టౌన్ మేడల మీద నుంచి అది కనబడదు. కానీ దాన్ని చూసే కన్ను ఇక్కడే తయారవుతుంది. నాకు ఇక్కడే వచ్చింది.

ముందు కరెంటు పోయినప్పుడు వాడే చార్జింగ్ ఫ్యాన్ చేతిలోకి తీసుకోండి. ముఖం నేలకేసి పెడితే గాలి కిందికి, తోపు పైకి. అది హెలికాప్టర్. మెల్లగా వెనక గోడకేసి తిప్పండి. గాలి వెనక్కి, తోపు ముందుకు. అది విమానం. ఆ తిరిగే కాసేపట్లోనే ఉంది విశేషమంతా. ఆస్ప్రే అనే వీ-22 టిల్ట్‌రోటర్‌కి ఈ తిరుగుడు దాదాపు 12 సెకన్ల పని. రెక్క చివరి రోటర్ ఇంజిన్‌తో సహా తిరుగుతుంది.

ఇక గన్నవరం విమానాశ్రయానికి వెళ్లి, ఏటీఆర్ విమానం దిగి ఆగాక దాని ప్రొపెల్లర్లు చూడండి. ఒక్కోదానికి ఆరు రెక్కలు, పొడవు తక్కువ. హెలికాప్టర్ రోటర్ రెక్కలు చూస్తే పొడుగ్గా, సన్నగా ఉంటాయి. టిల్ట్‌రోటర్‌కి ఉన్నవి అటూ కావు, ఇటూ కావు. ఆస్ప్రే రోటర్ వ్యాసం 38 అడుగులు. ప్రొపెల్లర్‌గా చూస్తే మరీ పెద్దది, 24 టన్నులను నిలువునా లేపడానికైతే చిన్నది. అందుకే దాని కింద గాలి భయంకరంగా కొడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు సింగ్‌నగర్ మీద హెలికాప్టర్లు ఆహారం పొట్లాలు జారవిడిచాయి కదా, ఆ పనికి ఆస్ప్రే వచ్చి ఉంటే రేకుల కప్పులు నిలిచేవి కావేమో. ఇష్టపడే యంత్రం లోపం కూడా తెలిసి ఉండాలి.

తర్వాత దాని చరిత్ర చదవండి. ఈ మెట్టు దాటేయకండి. 1980లో ఇరాన్ ఎడారిలో అమెరికా బందీల విడుదల ప్రయత్నం హెలికాప్టర్ల దగ్గరే బెడిసికొట్టింది. నిలువుగా దిగాలి, దూరం పోవాలి, వేగం ఉండాలి అన్న పట్టుదల అక్కడ గట్టిపడింది. బెల్, బోయింగ్ కలిసి చేసిన వీ-22 1989 మార్చి 19న మొదటిసారి ఎగిరింది. 1992లో వర్జీనియాలోని క్వాంటికో దగ్గర కూలి ఏడుగురు పోయారు. 2000 ఏప్రిల్ 8న అరిజోనాలోని మరానాలో 19 మంది మెరైన్లు పోయారు. బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు సుడి తిరగడం చూశారుగా? నెమ్మదిగా ముందుకు కదులుతూ మరీ వేగంగా కిందికి దిగితే, రోటర్ తాను తోసిన గాలి సుడిలోనే తాను చిక్కుతుంది. మరానాలో ఒక పక్క రోటర్‌కే అలా జరిగి, విమానం బోర్లాపడింది. అదే ఏడాది డిసెంబరులో, మరో ఆస్ప్రేలో వైర్ల కట్ట రాపిడికి హైడ్రాలిక్ గొట్టం అరిగి చిల్లుపడింది. దానికి సాఫ్ట్‌వేర్ తప్పు తోడైంది. మరో నలుగురు పోయారు.

ఒక చిన్న రాపిడి! నాకు ఇప్పటికీ ఆ గొట్టం కళ్లముందు కదులుతుంది.

చివరికి 2007లో సేవలోకి వచ్చింది. కష్టాలు మాత్రం తీరలేదు. 2023 నవంబరులో జపాన్‌లోని యాకుషిమా దగ్గర గేర్‌బాక్స్‌లో గేరు విరిగి 8 మంది చనిపోయారు. మొత్తం మీద 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగం గురించి మురిసేటప్పుడు వాళ్లనూ తలుచుకోవాలి.

ఇక నిజంగా చూడటం. మన వీధుల్లో చాలామంది ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండటానికి వర్జీనియా వెళ్తున్నారు. మీరు వెళితే డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఉన్న ఉద్వార్-హాజీ విమాన మ్యూజియానికి ఒక పూట కేటాయించమని అబ్బాయినో అమ్మాయినో అడగండి. లోపలికి టికెట్ లేదు, కారు పార్కింగ్‌కే డబ్బు. అక్కడ ఆస్ప్రేకి అన్నలాంటి ఎక్స్‌వీ-15 ఉంది. 1977లో తొలిసారి ఎగిరిన రకం అది. ముందు రెక్క చివరికి వెళ్లండి. ఇంజిన్ గూడు రెక్కకు అతుక్కున్న చోట నిలబడి చూడండి. ఇటువైపు ఇంజిన్ ఆగితే అటువైపు ఇంజిన్ రెండు రోటర్లనూ తిప్పడానికి రెక్క లోపల ఒక పొడవాటి షాఫ్ట్ పోతుంది. బయటికి ఏమీ కనబడదు, ఆ అతుకు ఒక్కటే కనబడుతుంది.

క్వాంటికో వైపు ఆకాశంలో ఆస్ప్రే తగిలితే ఫోన్ తీయకండి. మొదటిసారి ఊరికే వినండి. దబదబమనే చప్పుడు పలచబడి గుయ్యిమనే మోతగా మారుతుంది. రోటర్లు వంగుతున్నాయన్నమాట. అప్పుడు తలెత్తండి.