ఇటలీ బడిలో తెలుగు విద్యార్థి

తెలుగుభాషను ‘తూర్పుదేశపు ఇటాలియను’ అందురని వినని విద్యార్థి మన రాష్ట్రమున నుండడు. పదునైదవ శతాబ్ది ప్రథమార్ధమున విజయనగరమును దర్శించిన వెనీసు వర్తకుడు నికొలో దె కోంతి ఆ పోలికను మొదట చెప్పెనని లోకమున వాడుక. సభలలో ఈ మాట పలికి కరతాళధ్వనులు పొందువారే కాని, దానిని పరీక్షించి చూచువారు అరుదు. ఆ పరీక్ష నిజముగ జరుగు చోటొకటి కలదు. అది ఇటలీలోని పాఠశాల. పదునారేండ్ల తెలుగు బాలుడో బాలికయో అచ్చట ఒక సంవత్సరము చదువబోయినచో, ఆ పోలిక యెంతవరకు ఆదుకొనును? ఎచ్చట చేయి విడుచును?

దేశములు తమ విద్యార్థులను ఇచ్చిపుచ్చుకొను పద్ధతికి యుద్ధభూమియే పుట్టినిల్లు. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనప్పుడు, ఫ్రాన్సులో గాయపడిన సైనికులను బండ్లలో ఆసుపత్రులకు చేర్చుటకు కొందరు అమెరికా యువకులు స్వచ్ఛందముగ పూనుకొనిరి. వారి సంఘమే ‘అమెరికన్ ఫీల్డ్ సర్వీస్’. రెండవ యుద్ధమున కూడ వారు అదే సేవ చేసిరి. రెండుమారులు రక్తము తుడిచిన ఆ చేతులు, యుద్ధానంతరము వేరొక పనికి పూనుకొనెను. పరదేశపు పిల్లలను తెచ్చి, గృహస్థుల యిండ్లలో నుంచి, ఒక యేడు బడికి పంపుటయే ఆ పని. ఇటలీలో ఈ కార్యమును 1955 నుండి ‘ఇంతెర్‌కుల్తూర’ అను సంస్థ నడుపుచున్నది. పిల్లవానిని చేర్చుకొను కుటుంబము అందులకై జీతము పుచ్చుకొనదు. ఇదిగాక, త్రియెస్తె నగరమునకు చేరువ దువీనో గ్రామమున 1982లో స్థాపింపబడిన అంతర్జాతీయ కళాశాలలో నానాదేశముల విద్యార్థులు రెండేండ్లు కలిసి చదువుదురు.

ఇటలీలో సెప్టెంబరునెలలో బడులు తెరచెదరు. నిన్నటివరకు మన తరగతిలో అందరికంటె ముందుగ చేయి యెత్తిన పిల్లవాడు, ఇచ్చట మూగవాడగును. లెక్క తెలియును, ప్రశ్న తెలియదు. తోడివారు నవ్వినప్పుడు ఎందులకో తెలియక తానును నవ్వును. పైగా అచ్చటి ఉపాధ్యాయులు నోటిపరీక్షకు ఎక్కువ విలువ నిత్తురు. పేరు పిలిచి, తరగతి యెదుట ప్రశ్నించి, అప్పటికప్పుడు మార్కు వేయుదురు. పదింటికి ఆరు వచ్చిననే గట్టెక్కినట్లు. ఇంటికి పోయినను విశ్రాంతి లేదు. భోజనపు బల్లయొద్ద ఒక్కసారిగ నలుగురు మాటలాడుచుందురు. దాహమైనను మాట కూడదీసికొని అడుగవలెను.

ఇచ్చటనే మన ఒకటవ తరగతి చదువు అక్కరకు వచ్చును. ఇటాలియనులో దాహమును ‘సేతె’ యందురు; ‘సెత్తె’ యనిన ఏడు. ‘పాల’ యనిన మట్టి యెత్తు పార. ‘పల్ల’ యనిన బంతి. ‘కాస’ ఇల్లు, ‘కస్స’ పెట్టె. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఈ ద్విత్వములను పట్టుకొనలేక నెలల తరబడి తడబడుదురు. వారి భాషలో ఒక్క పదములోపల హల్లును నొక్కి నిలుపు అలవాటు లేదు. మనకో, కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. ఒత్తు వ్రాయకున్న నేమి, అర్థమగును గదా యని నాతో వాదించిన విద్యార్థులు పెక్కుమంది. తెలుగు పండితుడను గనుక నా పట్టుదల వారికి చాదస్తముగ తోచెడిది. ‘నాకు దాహము’ అనుటకు ‘నాకు ఏడు’ అన్నవాని యవస్థ వారు తలచుకొందురు గాక.

కొలది చిన్నమాటలు తప్ప ఇటాలియను పదములన్నియు మన పదములవలె అచ్చులతో ముగియును. వారి త, ద లు మన త, ద లే. ఇంగ్లీషు పలుకుబడి ననుసరించి ట, డ లు పలికినవాడు చెడును. మనము పిజ్జా అనుచున్న వంటకమును వారు ‘పిౘ్ౘ’ యందురు. చాప, చుక్క అనునప్పుడు మన నాలుక పండ్లను తాకు దంత్యచకారమే అది. వర్ణమాలలో వల్లించి, పిదప మరచిపోవు ఞకారమునకు కూడ అచ్చట పని కలదు: స్నానపుగది ‘బాఞ్ఞో’.

క్రియలు మరింత చుట్టములు. ‘పార్లో’ అనిన మాటలాడుదును, ‘పార్లి’ అనిన మాటలాడుదువు, ‘పార్లియామో’ అనిన మాటలాడుదుము. నేను, నీవు అని వేరుగ చెప్పనక్కరలేదు. క్రియాంతమే కర్తను తెలుపును. పెద్దలయెడ, గురువులయెడ వేరు సర్వనామము వాడవలెనన్న నియమము మనవారికి వింతగా తోచదు. ఇంటి తల్లిని మాత్రము పిల్లలు ‘నీవు’ అనియే పిలుతురు. మన యిండ్లలోను అంతే గదా!

అయితే చేయి విడుచు చోటును చెప్పవలెను. అది లింగము. వారికి పుస్తకము పురుషుడు, కలము స్త్రీ. కొత్త పుస్తకము ‘లీబ్రో నువోవో’, కొత్త కలము ‘పెన్న నువోవ’. ఓకారాంతములు మగవి, అకారాంతములు ఆడవి యని సూత్రము పట్టుకొని పోవుచుండగా, చేయి అను అర్థముగల ‘మానో’ ఓకారముతో ముగిసియు స్త్రీలింగమై యెదురగును. కంఠస్థము చేయుట తప్ప ఉపాయము లేదు. ఇందులకు మనము వారిని పరిహసింపరాదు. ‘ఆమె వచ్చినది’, ‘బండి వచ్చినది’ యని స్త్రీకిని బండికిని ఒకే క్రియ వాడు మన పద్ధతి విన్న ఇటలీవారు ఏమనుకొందురో! విభక్తులును తారుమారే. మనము ‘బడికి’ అని చివర చేర్చుదుము. వారు ‘అ స్కువోల’ యని ముందే చెప్పుదురు.

తిండి సంగతి. గుంటూరు మిరపచేల నడుమ పెరిగిన నాలుకకు ఉత్తర ఇటలీ వంట చప్పగ నుండును. దక్షిణమున కలాబ్రియా ప్రాంతమువారు మాత్రము కారమును ప్రేమింతురు. వారికిని మనకును మిరప పరదేశపు పంటయే. ఇటలీలోని జెనోవా నగరవాసి కొలంబసు 1492లో అమెరికా దీవులు చేరిన పిమ్మటనే అది ఐరోపాకు వచ్చినది. పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరి.

మాటలు ఎప్పుడు వచ్చునో పిల్లవానికే తెలియదు. ఒకనాడు తోడివారి హాస్యమునకు అందరితోపాటు, అర్థమై, నవ్వును. ఇంటికి ఫోను చేసి మాటలాడునప్పుడు తెలుగుమాట తడుముకొని, ఇటాలియను మాట ముందుగా నోటికి వచ్చును. అమ్మ ఆవలనుండి ‘ఏమిటిరా’ యనును.

ఇక ఇటలీ బాలుడు మన యూరికి చదువవచ్చినచో? కృష్ణ దక్షిణపుటొడ్డున మా తాడేపల్లికే వచ్చెననుకొనుడు. ద్విత్వములు సునాయాసముగ పలుకును. కాని వారి భాషలో నొక్కి పలికిన అచ్చు, వెనుక ద్విత్వము లేకున్న, తనంతట దీర్ఘమగును. హ్రస్వదీర్ఘములను అర్థభేదమునకై వాడుట వారెరుగరు. కావున అతడు పక్కవానిని ‘కలమిమ్ము’ అని యడుగబోయి, ‘కాలమిమ్ము’ అని యడుగును.