ఎడారి బండిలో బరువు జాకీకి చోటెక్కడ?

శీతకాలము ప్రవేశించగానే ఖతర్‌లోని తెలుగు కుటుంబములలో శుక్రవారపు సంభాషణ ఇంచుమించు ఒక్కటే. మిసయీద్ దాటి, సీలైన్ ఇసుకతిన్నెల మీదుగా ఖోర్ అల్ ఉదైద్ చేరి, సముద్రము ఇసుకకొండల నడుమకు చొచ్చుకొని వచ్చిన ఆ చోట పులిహోర పొట్లములు విప్పవలెను. 2007లో రక్షిత ప్రాంతముగా గుర్తింపు పొందిన ఆ తీరమునకు తిన్నెల మీదుగా పోవుటకు నాలుగు చక్రములకూ శక్తి అందే వాహనమే శరణ్యము. అట్టి వాహనములు గలవారిలో కొందరు వెంట ఉంచుకొను పరికరము ఒకటున్నది. అది మనిషి ఛాతీ ఎత్తున ఉండే పొడవాటి ఇనుప జాకీ.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బ్లూమ్‌ఫీల్డ్ అను ఊరిలో తయారైన హై-లిఫ్ట్ జాకీ ఈ జాతిలో ప్రసిద్ధమైనది. అక్కడి రైతులు దీనితో బండ్లనెత్తుటయే గాక పొలము కంచె గుంజలను కూడ పెరికెడివారు. వరుసగా రంధ్రములున్న ఉక్కు దండము, రెండు మేకుల సాయముతో దానిపై మెట్టుమెట్టుగా ప్రాకు యంత్రభాగము, ఒక పొడవాటి పిడి, ఇంతే దాని నిర్మాణము. 48 అంగుళముల జాకీ సుమారు 13 కిలోలు తూగును. రెండు టన్నులకు పైగా ఎత్తగలదు.

ఒకనాడు మా బండిలో ఈ జాకీని డిక్కీలో ఊరక పడవేసి బయలుదేరితిని. తిన్నె అంచున హఠాత్తుగా బ్రేకు వేయగా అది జారి వచ్చి, చివరి వరుసలో పిల్లలు కూర్చున్న సీటు వీపుకు దభాలున తగిలినది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కాని ఆనాటి నుండి "దీనిని ఎక్కడ బిగించవలెను?" అను ప్రశ్న నన్ను వదలలేదు.

చాలమందికి మొదట తోచునది టాపు మీది క్యారియర్. గడ్డిబండిని ఎరిగినవారికి ఇందలి చిక్కు వేరుగా చెప్పనక్కరలేదు. ఎత్తుగా గడ్డి వేసిన బండి కాలువగట్టు వాలున ఎందుకు ఒరుగునో, ఇదీ అందుకే ఒరుగును. వస్తువు గరిమనాభి నుండి గీసిన నిలువురేఖ చక్రముల ఆధారమును దాటి వెలుపల పడినచో బోల్తా తప్పదు. చక్రముల నడిమి వెడల్పులో సగమును గరిమనాభి ఎత్తుచే భాగించగా వచ్చునది బోల్తా కోణపు టాంజెంట్. ఇంట పదవ తరగతి పిల్లలున్న యెడల ఈ లెక్క వారి చేతనే చేయించవచ్చును.

వాహనము బరువు 2400 కిలోలు, చక్రముల నడిమి వెడల్పు 1.6 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.75 మీటరు అనుకొందము. అప్పుడు బోల్తా కోణము సుమారు 46.8 డిగ్రీలు. రెండు మీటర్ల ఎత్తున టాపుపై జాకీని ఒక్కదానినే ఉంచినచో గరిమనాభి పైకి జరుగునది 7 మిల్లీమీటర్లే, కోణము 46.6 డిగ్రీలగును. నిజము చెప్పవలెనన్న, ఇది భయపడదగినంత మార్పు కాదు. జాకీ ఒంటరిగా ప్రయాణించదు, అదే అసలు చిక్కు. క్యారియర్ 25 కిలోలు, రెండు నీటి డబ్బాలు 42, స్టెప్నీ 35, గుడారము 10, జాకీ 13, అన్నియు కలిసి 125 కిలోలు. ఇప్పుడు గరిమనాభి ఆరు సెంటీమీటర్లకు పైగా లేచును, కోణము 44.6కు దిగును. పొడి ఇసుక జారిపడకుండ నిలువగల వాలు సుమారు 33 డిగ్రీలు. ఖతర్‌లో షమాల్ గాలి వాయవ్యము నుండి వీచును గనుక తిన్నెల నిటారు ముఖములు ఆగ్నేయమునకు తిరిగి, ఇంచుమించు ఆ వాలుననే నిలిచియుండును. అట్టి ముఖముపై అడ్డముగా పోయినప్పుడు మనకున్న మిగులు పదునాలుగు డిగ్రీలలోపే. అందులో రెండు డిగ్రీలను టాపుపై సామానే తినివేసినది. దిగువ చక్రము ఇసుకలో కూరుకొనుట, అటువైపు స్ప్రింగులు అణగుట మరికొంత తినివేయును.

బానెట్ మీద బిగించువారు కలరు. తిన్నె శిఖరమున డ్రైవరుకు ఆకాశము తప్ప మరేమియు కనబడని క్షణమున కంటికి అడ్డముగా ఇనుపకమ్మి ఉండుట నాకు సమ్మతము కాదు. స్టెప్నీ తలుపునకు బిగించుట చూపునకు బాగుండును గాని, గతుకుల మీద ఆ తలుపు కీళ్ళే ఆ అదనపు బరువును మోయవలెను. ఏ చోటనైనను వాహనము బయట ఉంచినచో మేకుల సందులలో ఇసుక దూరి, కావలసిన సమయమున జాకీ మొరాయించును. తప్పనిసరియైన యెడల యంత్రభాగమునకు దళసరి గుడ్డ తొడుగు వేయవలెను.

ఇక లోపల. 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఇసుకకట్టను గుద్దుకొని సెకండులో పదవ వంతు కాలమున ఆగినదనుకొనుడు. జడత్వము వలన జాకీ ముందుకు దూసుకొనిపోవును. దానిని పట్టి నిలుపుటకు కావలసిన బలము సుమారు 1800 న్యూటన్లు, అనగా 180 కిలోలకు పైబడిన బరువునకు సమానము. సాగెడి రబ్బరు కొక్కెములు, బట్టలారవేయు తాళ్ళు ఇందుకు చాలవు. వాహనపు నేలకు బోల్టులతో బిగించిన ఇనుప కొక్కెములకు రెండు చోట్ల గట్టి పట్టీలతో కట్టవలెను, లేదా నేలకే బోల్టులతో బిగించిన పట్టుకొయ్యలలో ఉంచవలెను. పిడిని దండమునకు ఆనించి కట్టుట మరువరాదు.

నా నిర్ణయము ఇది: రెండవ వరుస సీటుకు వెనుక, నేలను ఆనుకొని, అడ్డముగా ఉంచుట మేలు. బరువు క్రిందనే ఉండును, వెనుక ఇరుసుకు ముందుగా ఉండును, ఇసుక తగలదు. మరొక కారణము అనుభవముననే తెలిసినది. వెనుక భాగము తిన్నెలో కూరుకొనిపోయినచో డిక్కీ తలుపు తెరుచుకొనదు. ఈ చోటునైతే ప్రక్క తలుపు నుండి చేయిచాచి అందుకొనవచ్చును. వెనుక చక్రముల గూళ్ళ నడుమ 122 సెంటీమీటర్ల దండము పట్టదు గనుక ముందుగా టేపుతో కొలుచుకొనుడు. మూడవ వరుసలో పిల్లలను కూర్చుండబెట్టు కుటుంబములకు ఈ చోటు పనికిరాదు. వారు వెనుక బంపరుకు వర్క్‌షాపులో గట్టి బ్రాకెట్టు చేయించుకొని, తొడుగుతో బయట ఉంచుటయే మేలు.

జాకీతోపాటు ఒక దళసరి చెక్కపలక కూడ కట్టుకొనవలెను. జాకీ పాదము సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. 900 కిలోల భారము మోపినచో ప్రతి చదరపు సెంటీమీటరుపై 5 కిలోలు పడి, పాదము ఇసుకలోనికి దిగిపోవును. ముప్పది సెంటీమీటర్ల చదరపు పలక వేసినచో ఆ పీడనము ఒక కిలోకు తగ్గును.

బోల్టులకు రంధ్రములు వేయక మునుపు బండి క్రిందికి ఒకసారి వంగి చూడుడు. ఈనాటి వాహనములు పెక్కింటికి ప్లాస్టిక్ బంపర్లే. ఈ జాకీ ముక్కు ఆనుటకు అందు చోటే లేదు. అట్టి బండికి ఉక్కు బంపరు గాని, ప్రక్కన ఉక్కు పట్టీలు గాని అమర్చని యెడల 13 కిలోల ఇనుమును వృథాగా మోయనక్కరలేదు. టైర్లలో గాలి 35 నుండి 16 పౌండ్ల వరకు తగ్గించి, ఒక పార, రెండు ఇసుక పలకలు, తిరిగి గాలి నింపుటకు ఒక పంపు తీసికొనిపోయిన చాలును.