'ఎందుకు' అని అడగడం నేర్చుకుందాం

ఎంతమంది పిల్లలకు పోలియో చుక్కలు పడలేదో లెక్కలు చెబుతాయి. ఎందుకు పడలేదో తల్లిదండ్రులే చెప్పాలి. వారి నోట అది తెలుసుకునే పద్ధతే గుణాత్మక పరిశోధన.

ఉత్తరప్రదేశ్‌లో ఒకప్పుడు కొన్ని ముస్లిం బస్తీల్లో చుక్కలు వద్దన్నారు. వాటివల్ల సంతానం కలగదన్న వదంతి ఒక కారణం. మిగతా వైద్యం అందని చోటికి చుక్కలే పదేపదే ఎందుకొస్తున్నాయన్న అనుమానం మరొకటి. అది విన్నాక స్థానిక మహిళలు, ఇమాములు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వారు నచ్చజెప్పారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు.

మీరూ నేర్చుకోవచ్చు. ముందు అనుమతి తీసుకోండి. "వేయించారా?" అని కాక, "చుక్కల గురించి మీ ఇంట్లో ఏమనుకుంటారు?" అని అడగండి. మధ్యలో సరిదిద్దకండి. వారి మాటల్లోనే రాసుకోండి. పేర్లు బయటపెట్టకండి. కొత్త సంగతులు రావడం ఆగేదాకా మరికొందరిని కలవండి. విన్నదాన్ని బట్టి మన సేవ మారితేనే ఆ శ్రమకు ఫలితం.