సౌరవిద్యుత్తు – స్థాపన వ్యయం అంచనా

సూర్యకాంతికి వెల లేదు. దానిని విద్యుత్తుగా మార్చి మన ఇంటి దీపం వరకు చేర్చే సామగ్రికి మాత్రం వెల ఉన్నది. హబ్సిగూడ, తార్నాక ప్రాంతాలలో మేడలపై సౌరఫలకాలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నవి. ‘ఎంత అయింది?’ అని ఇంటివారిని అడిగితే ఒకరు లక్ష అంటారు, మరొకరు రెండు లక్షలంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఒకరు సబ్సిడీ పోగా మిగిలినది చెబితే, మరొకరు మొత్తం వ్యయం చెబుతారు. భాష బోధించే మాకు ఈ లెక్కలతో పనియేమని కొందరు శంకింపవచ్చు. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో పెక్కు అంకెల వలన గాక మాటల వలన కలుగుతున్నవని మా అభిప్రాయం.

మొదట తెలియవలసినవి రెండు మాటలు: కిలోవాట్, యూనిట్. కిలోవాట్ సామర్థ్యానికి కొలత. యూనిట్ ఉత్పత్తి అయిన విద్యుత్తుకు కొలత. బావిలోని మోటారు శక్తి ఒకటి, అది తోడిన నీరు ఒకటి కదా! మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ఫలకాలు సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వీటికి నీడ పడని స్థలం దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక ఫలకంపై పడినా, దానితో ఒకే వరుసలో కలిపిన తక్కిన ఫలకాల ఉత్పత్తి కూడా తగ్గవచ్చు. కావున అంచనా కాగితం మీద గాక మేడ మీద మొదలు కావాలి.

స్థాపన వ్యయమనగా ఫలకాల ధర మాత్రమే కాదు. ఇన్వర్టర్, ఇనుప చట్రం, తీగలు, ఎర్త్, పిడుగు నివారణ కడ్డీ, రెండు వైపులా లెక్కించే నెట్ మీటరు, కూలి, పన్ను – ఇవన్నీ అందులో చేరుతాయి. మేడపై బట్టలు ఆరవేసుకొనుటకు వీలుగా చట్రం ఎత్తు పెంచితే ఇనుము ఖర్చు పెరుగుతుంది. బ్యాటరీ కోరితే వ్యయం మరింత పెరుగుతుంది. బ్యాటరీ లేని సాధారణ పద్ధతిలో, వీధిలో కరెంటు పోయినప్పుడు ఇంటి సౌరవిద్యుత్తు కూడా ఆగిపోతుంది. లైన్లపై పనిచేసేవారి ప్రాణరక్షణ కోసమే ఆ ఏర్పాటు. ఈ సంగతి ముందు తెలియక తరువాత విచారించేవారు కలరు.

పరిమాణాన్ని బట్టి కూడా వెల మారుతుంది. 2022 జూలైలో పూర్తిగా ప్రారంభమైన రామగుండం ఎన్.టి.పి.సి. నీటిపై తేలే సౌరకేంద్రం సామర్థ్యం 100 మెగావాట్లు. వ్యయం 423 కోట్ల రూపాయలు. అనగా కిలోవాట్‌కు 42,300 రూపాయలు. కాగా 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ‘పి.ఎం. సూర్యఘర్’ పథకం గృహాలకు మొదటి రెండు కిలోవాట్లకు 50,000 చొప్పున, మూడవదానికి 45,000 ప్రమాణ వ్యయంగా గ్రహించింది. వీటిపై వరుసగా 60, 40 శాతాల వంతున లెక్కించగా వచ్చిన గరిష్ఠ సబ్సిడీయే 78,000 రూపాయలు. ఇది ప్రభుత్వం లెక్కకై తీసుకొన్న ప్రమాణమే గాని, అంగడిలో అదే ధర దొరకుతుందన్న హామీ కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 3 కిలోవాట్లకు ఒక సంస్థ 1,95,000 రూపాయలు కోరినదనుకొందాం. సబ్సిడీ పోగా మిగిలేది 1,17,000. రోజుకు 12 యూనిట్ల వంతున సంవత్సరానికి 4,380 యూనిట్లు. దుమ్ము, మబ్బులకు కొంత తీసివేసి 4,000 అందాం. యూనిట్ సగటు ఆరు రూపాయలైతే ఏటా ఆదా 24,000. పెట్టుబడి సుమారు అయిదేండ్లలో తిరిగి వస్తుంది. అయితే తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి క్రింద 200 యూనిట్ల లోపు ఉచితంగా పొందే ఇంటికి బిల్లే లేదు గనుక ఆదా కూడా లేదు. వెల ఒకటే, ప్రయోజనం మాత్రం ఇంటింటికీ వేరు.

మన కళాశాల వంటి సంస్థల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పైన చెప్పిన సబ్సిడీ నివాస గృహాలకే గాని విద్యాసంస్థలకు వర్తించదు. పూర్తి వ్యయంతోనే లెక్క వేయాలి. వేసవి సెలవులలో ఎండ మెండు, వాడుక తక్కువ. అప్పుడు గ్రిడ్డుకు పోయే యూనిట్లకు ఏ రేటు కడతారో ముందే తెలుసుకోవాలి. ఫలకాలకు 25 ఏండ్ల వారంటీ సామాన్యంగా ఉంటుంది. ఇన్వర్టర్‌కు అంత ఉండదు, నడుమ ఒకసారైనా మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చును నేడే అంచనాలో వ్రాయాలి. సంస్థ సొమ్ము దాతలు నమ్మి అప్పగించిన అమానత్. తక్కువ ధర చూపిన కొటేషన్ కన్న, ఏదీ దాచక చూపిన కొటేషనే దానికి రక్ష.

విద్యార్థులకు మా సూచన ఒక్కటే. మీ ఇంటి పన్నెండు నెలల బిల్లులు ముందుంచుకొని యూనిట్లు కూడండి. మేడపై ఉదయం తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడ పడుతున్నదో గుర్తించండి. ఆపైన కనీసం మూడు కొటేషన్లు తీసికొని, ప్రతిదానిలో ‘ఇందులో ఏది చేరలేదు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు సమాధానం వ్రాతలో వచ్చిన తరువాతనే మీ పెద్దలు బయానా ఇవ్వవచ్చు.